నిండుకున్న గాదెలు, కొండెక్కిన దీపం

పూర్వం తూర్పు సముద్రం నడుమ సింగిదీవి అనే దీవి ఉండేది. దీవి ఒకటే గాని సీమలు రెండు. ఉత్తరాన కొండలూ అడవులూ ఉన్న భాగాన్ని మెరకసీమ అనీ, దక్షిణాన వరిచేలూ ఉప్పుమళ్ళూ ఉన్న భాగాన్ని పల్లపుసీమ అనీ అనేవారు. మెరకసీమకు ఉదయసేనుడు, పల్లపుసీమకు కుంభవర్మ రాజులు. కొండ మీది పెద్దమడుగు నీళ్ళు తూములోంచి కిందికి దిగి పల్లపు చేలను తడిపేవి. ఆ చేలలో పండిన ధాన్యమూ, ఉప్పూ, ఎండుచేపా ఎడ్ల వీపుల మీద పైకి చేరేవి. ఆ సీమకు పిల్లనిచ్చేవాళ్ళూ, ఈ సీమకు కోడలిని తెచ్చుకునేవాళ్ళూ కూడా ఎక్కువే.

అంత పొందికగా ఉన్న దీవి ఎందుకు పాడైందని అడిగితే చెప్పనివాడు ఉండడు. చిక్కల్లా ఏమిటంటే, ఏ ఇద్దరు చెప్పినదీ ఒక్కలాగ ఉండదు. అందరూ ఒప్పుకునేది ఇంతే: ఒక కరువు ఏడు మెరకసీమ వాళ్ళు తూము మూసేశారు, పల్లపుసీమ వాళ్ళు ధాన్యం ఆపేశారు. ఆ వెంటనే రెండు సీమల మధ్య మంచు గోడలా లేచి నిలబడిపోయింది. అది ఎండకు కరిగేది కాదు, గాలికి చెదిరేది కాదు. అందులో అడుగుపెట్టినవాడు తిరిగి తిరిగి తను బయలుదేరిన చోటికే వచ్చేవాడు, లేదా అసలు వచ్చేవాడే కాదు.

అయినా ప్రతి ఏడూ వానలు వెనకబట్టాక రెండువైపుల రాయబారులూ తాళ్ళు పట్టుకుని, మంచు నడుమ ఉన్న మాటల బండ దగ్గరికి వెళ్ళి సంధి మాట్లాడేవారు. కిందటిసారి సంధి ఇంచుమించు కుదిరినట్టే కుదిరి, ఒక దీపం దగ్గర తగాదా వచ్చి కత్తుల దాకా పోయింది. తమను దీపం దొంగలన్నారని మెరకవాళ్ళు మండిపడ్డారు. మేమలా అననే లేదని పల్లపువాళ్ళు అన్నారు. తాళ్ళు కోసేశారు. ఇక మాటలు చాలని, వచ్చే అమావాస్య నాడు పెద్దమడుగు గట్టు తెగ్గొట్టించి పల్లపుసీమను నీట ముంచేస్తానని ఉదయసేనుడు చాటింపు వేయించాడు.

చాటింపు విని ఊళ్ళో చాలామంది చిందులు తొక్కారు. తట్టలల్లే జోగన్న మాత్రం చేతిలో వెదురుబద్ద పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అతని భార్య సూరమ్మ పల్లపుసీమ పిల్ల. కరువు ఏట పురిటికని పుట్టిల్లు ఉప్పుపేటకు వెళ్ళి, మంచుగోడ ఆవల చిక్కుకుపోయింది. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా జోగన్నకు తెలియదు. పెద్దకూతురు పైడి అప్పటికి పాలపళ్ళ పిల్ల, ఇప్పుడు తండ్రి భుజం అందుకుంటోంది. గట్టు తెగితే ఉప్పుపేట మిగలదని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

జోగన్న చేతగానివాడేమీ కాదు. మంచులోకి ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. దారి నాకు తెలుసు అనుకుంటూ చరచరా నడిచి వెళ్ళేవాడు, చివరికి తన పెరట్లో బీరపాదు కిందే తేలేవాడు. అందుకే పైడి ఈసారి నేను వెళతానంటే అతనికి కోపం వచ్చింది.

"నాకు దొరకని దారి నీకేం తెలుసునే?" అన్నాడు.

"తెలీదు నాన్నా. అమ్మ మొహం కూడా నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. గట్టు తెగాక గుర్తు తెచ్చుకుని ఏం చేసుకోను?"

జోగన్న అటుకులూ బెల్లమూ మూట కట్టి, దానిలోనే ఆమె మార్చుకునే పావడా పెట్టి, మంచు అంచు దాకా సాగనంపాడు.

లోపలికి వెళ్ళిన కాసేపటికే పైడికి కుడి ఏదో ఎడమ ఏదో తెలియకుండా పోయింది. ఇంకాసేపటికి తను నడుస్తోందో నిలబడి ఉందో కూడా తెలియలేదు. పిలిస్తే తన గొంతే వెనకనుంచి వినిపించి, ఎవరో తనను పిలుస్తున్నారనుకుని అటు తిరిగింది. భయమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇక లాభం లేదని ఉన్నచోటే చతికిలబడింది. అలా కూర్చుంది కాబట్టే పక్కన ఇద్దరు పోట్లాడుకోవడం వినిపించింది.

తడుముకుంటూ వెళ్ళి చూస్తే అక్కడున్నది ఒకే ఒక్క గండభేరుండ పక్షి. ఒంటికి రెండు తలలు, ఒకటి ఉత్తరానికీ ఒకటి దక్షిణానికీ తిరిగి ఉన్నాయి. మంచు పడ్డ నాటినుంచి రెండింటికీ మాటల్లేవు. దేనికదే గాలితో తిట్టుకుంటోంది. కుడి రెక్క ఒకరి చెప్పుచేతల్లోనూ ఎడమ రెక్క ఒకరి చెప్పుచేతల్లోనూ ఉండడంతో ఎగరడం మానేసి చాలాకాలమైంది.

పైడి రెండింటినీ తగువు సంగతి అడిగింది. మెరక వైపు తిరిగిన తల, ఆకలితో అలమటించి ధాన్యం పంపమని కబురు పెడితే పల్లపువాళ్ళు ఎప్పటికీ ఇలాగే ఉండమని శపించారని చెప్పింది. పల్లం వైపు తిరిగిన తల ముక్కు విదిలించి, వాళ్ళు ఏమీ అడగనే లేదనీ, చల్లగా ఉన్నామని కబురు పెడితే చల్లగా ఉండమని దీవించామనీ, దానికి బదులుగా తూము మూసేశారనీ చెప్పింది. రెండు తలలూ అబద్ధం ఆడుతున్నట్టు లేవు. రెండూ చెప్పింది నిజమయ్యే వీలూ లేదు. ఇంటి దగ్గర విన్నదానికంటే ఇప్పుడు పైడికి మరీ అయోమయంగా ఉంది.

అంతలో పక్షి పొట్ట గుర్రుమంది. ఆ చప్పుడుకు రెండు తలలూ ఒకేసారి కిందికి చూశాయి. పైడి మూట విప్పి అటుకులూ బెల్లమూ అన్నీ వాటికే పెట్టింది. ఒక తల తింటే రెండో తల ఆకలి కూడా తీరడం చూసి అవి సిగ్గుపడ్డాయి. మీరు మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు గాని రెక్కలు మాత్రం ఒకేసారి ఆడించండని పైడి బతిమాలింది. నాలుగైదుసార్లు బోర్లాపడ్డాక, పక్షి ఆమెను వీపున ఎక్కించుకుని ఎగిరి, మంచు నట్టనడుమ ఒక గుట్ట మీద దింపింది. మంచు దాటి బయటికి రాలేనని, తన కళ్ళు వెలుతురుకు ఆగవని చెప్పి అక్కడే ఉండిపోయింది.

పైడి గుట్ట దిగబోతుంటే గుట్ట తుమ్మింది. అది గుట్ట కాదు, మాటల బండ మీద కూర్చున్న రాక్షసుడి మోకాలు. వాడి రెండు చెవుల్లోంచీ మంచు బుసబుసా కారుతోంది. చుట్టూ ఎందరో రాజకుమారులూ వీరులూ రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు. అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి, ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయినట్టు.

ఆ రాక్షసుడి పేరు తికమకుడు. దారి అడిగిన బాటసారులను తప్పుదారి పట్టించి నవ్వుకోవడం వాడి సరదా. కరువు ఏట రెండు సీమలనూ కలుపుదామని బయలుదేరిన ఒక మునిని అలాగే పల్లేరు ముళ్ళలోకి పంపించాడు. మునికి ఒళ్ళు మండింది. ఈ దీవి వాళ్ళ తగువు ఏమిటో ఎవరైనా నీకు అర్థమయ్యేలా చెప్పేదాకా వాళ్ళ అయోమయమంతా నీ చెవుల్లోంచి కారుతూ ఉంటుందనీ, తెలియకుండానే తెలుసని నీ దగ్గర కోతలు కోసేవాడు రాయి అవుతాడనీ శపించి పోయాడు. ఆనాటినుంచి తికమకుడికి నిద్రలేదు.

వాడు పైడికి కిందటిసారి జరిగినది కూడా చెప్పుకుని వాపోయాడు. రాయబారులు వాడి బొటనవేలినే బండ అనుకుని దాని మీద ఒక దీపం పెట్టారు. తెల్లవారేదాకా దీపం నిలిస్తే సంధి నిలిచినట్టే అనుకున్నారు. శాపం తీరిందనుకుని వాడు సంతోషం పట్టలేక నిట్టూర్చాడు, ఆ గాలికి దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోవచ్చు కదా అని వాడు చూస్తూండగానే, దీపానికి కాపలా ఉన్న పల్లపు కావలివాడు వెళ్ళి మెరకవాళ్ళతో ఏదో ఒక్క మాట అన్నాడు, అంతే, కత్తులు దూశారు. ఆ మాట ఏమిటో మంచు నిండిన చెవులకు వినపడలేదని వాడు తల బాదుకున్నాడు.

"చెప్పు పిల్లా. ఈ తగువు నీకు తెలుసునా?" అని అడిగాడు.

"తెలీదు మామా. మా ఊళ్ళో చెప్పింది విన్నాను, పక్షి చెప్పింది విన్నాను, నువ్వు చెప్పిందీ విన్నాను. వినేకొద్దీ తెలిసింది కూడా పోతోంది."

ఇన్నేళ్ళలో తెలియదన్న మనిషి దొరకడం తికమకుడికి అదే మొదలు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెను అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపి మంచుకు ఆవల దింపాడు. అమావాస్య దగ్గరికి వచ్చేసింది గనుక రేపటికల్లా తెలుసుకుని రమ్మన్నాడు.

పల్లపుసీమ నేల నెర్రెలిచ్చి ఉంది. పొలాల్లో నీళ్ళకు బదులు ఉప్పు తెల్లగా పేరుకుంది. దీపాలు పెట్టే వేళకు పైడి ఒక జాలరి ఇంటి ముందు ఆగింది. ఆ ఇంటామె పేరు నూకాలు. ముసలి అత్తతో కలిసి ఉంటోంది. ఎవరి పిల్లవే అని అడిగి లోపలికి రమ్మని పీట వేసింది. పొయ్యి మీద చిన్న అటికలో చేపల పులుసు ఉడుకుతోంది. పైడికి కడుపులో పేగులు అరుస్తున్నాయి.

"తినడానికేటైనా తెచ్చుకున్నావేటే?" అంది నూకాలు, మూట వైపు చూస్తూ.

"నా మూట నిండుకుంది అత్తా," అంది పైడి మర్యాదగా.

"మంచిదే తల్లీ. మా అటికలోది మాకే సాలదు. నువ్వు నీది తినీ."

ఆ మాట అని నూకాలు అత్తకూ తనకూ వడ్డించుకుని కూర్చుంది. పైడి తన చెవులను నమ్మలేకపోయింది. ఆకలితో వచ్చిన పిల్ల ఎదుట అలా నిమ్మళంగా తినేవాళ్ళను ఆమె ఎక్కడా చూడలేదు. పల్లపువాళ్ళవి రాతి గుండెలని ఊళ్ళో అనుకునేది నిజమేనా, తన తల్లి కూడా ఇలాంటి వాళ్ళలోనే పుట్టిందా అనుకునేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. అటు నూకాలు కూడా మొహం ముడుచుకుంది. అంత ఉబ్బు మూట ఒళ్ళో పెట్టుకుని, ముసలిదానికి ఒక్క పిడికెడు పెట్టని పిల్ల ఏం పిల్ల అని గొణుగుతోంది.

"ఏం పెట్టను? ఆకలిగా ఉన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తినడమా మీ ఆచారం?" అంది పైడి ఇక ఉండబట్టలేక.

నూకాలు చటుక్కున లేచి మూట లాగి విప్పింది. పావడా తప్ప అందులో గింజ లేదు.

"నిండుగా ఉందన్నావు కదే?"

"నిండుగా ఉందనలేదు. నిండుకుంది అన్నాను. అంటే అయిపోయిందని. తిండి విషయంలో లేదు, ఖాళీ అని ఎవరైనా అంటారా? అంటే నిజంగానే లేకుండా పోదూ?"

నూకాలు మూట పట్టుకుని నిలబడిపోయింది. పల్లంలో సముద్రం రోజూ చేపలనిస్తుంది, చేలు ధాన్యాన్నిస్తాయి. ఇవాళ బుట్ట ఖాళీ అంటే రేపు నింపుకుంటారు. అందుకే వాళ్ళు ఆ మాటకు జడిసేవారు కాదు. ఉన్నదున్నట్టే అనేవారు. ఆమె గబగబా కంచం కడిగి, తన అన్నమంతా పైడికి వడ్డించి, తల నిమిరి, ఇలా అంది:

"మీ రాజుగారి కబురు మా ఊరంతా నిలబడి విన్నాం తల్లీ. మా గాదెలు నిండుకున్నాయన్నాడు దూత. మేవెంత సంబరపడిపోనామో నీకేటి తెలుసు. ఎప్పుడూ ఇలాగే ఉండాలని మా రాజు దీవించి పంపినాడు. ఆ దూత ఎందుకలా ఏడుసుకుంటా ఎల్లిపోనాడో మాకు ఇప్పటికీ బోధపడలేదు."

పైడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ ఏడు ఆకలికి పోయిన పిల్లలు ఆమెకు గుర్తున్నారు. పక్కింట్లో తనతో గవ్వలాడిన పిల్ల కూడా అప్పుడే పోయింది. దానికి కారణం పగ కాదు, క్రూరత్వమూ కాదు, ఒక్క మాట అని తెలిసినా ఆమెకు మనసు తేలిక పడలేదు. ఇంకా బరువెక్కింది.

ఇంతలో సముద్రం మీదినుంచి గాలి విసిరింది. గుడిసెలో చీకటి కమ్మింది. "కోడలా, దీపం కొండెక్కింది," అంది ముసలామె నింపాదిగా.

ఆ మాట పైడి తల్లి నోట విన్నదే. చిన్నప్పుడు అమ్మ అలా అంటే, దీపం నిద్రపోవడానికి కొండ మీదికి వెళుతుందనుకునేది. మెరకలో ఇంకెవరూ అలా అనరు. అక్కడ సాయంత్రమయ్యేసరికి అందరూ దీపాలు చేత పట్టుకుని నిజంగానే కొండెక్కుతారు, ఆరితే ఆరిందంటారు. ఆరిపోయింది అనే మాట పల్లంలో ఎవరైనా అంటారా అని ఆమె నూకాలును అడిగింది. సముద్రం మీద మగవాళ్ళున్న ఇంట్లో అంత అశుభం మాట నోటెలా వస్తుందని నూకాలు చెంపలు వేసుకుంది.

బండ దగ్గర కావలివాడు అన్నది అదేనని పైడికి అప్పుడు తెలిసింది. దీపం కొండెక్కింది అంటే, దాన్ని మీరే మీ కొండ మీదికి ఎత్తుకుపోయారు అన్నట్టు మెరకవాళ్ళకు వినపడింది.

తెల్లవారగానే నూకాలు ఆమెను బాట దాకా తీసుకొచ్చింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. తూర్పు దారిన మధ్యాహ్నానికల్లా ఉప్పుపేట చేరవచ్చట. ఉత్తరపు దారి మంచులోకి పోతుంది. ఆ రోజే అమావాస్య. పైడికి ఏం చేయాలో తోచలేదు. అమ్మ దగ్గరికి వెళితే గట్టు తెగిపోతుంది, గట్టు దగ్గరికి వెళితే అమ్మను చూడకుండానే వెనక్కి తిరగాలి. రెండడుగులు తూర్పుకు వేసింది, ఆగింది, మళ్ళీ ఇంకో అడుగు వేసింది. అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తరవాత లేచి, వెనక్కి చూస్తే మనసు మారుతుందని చూడకుండా, ఉత్తరపు దారిన పరుగెత్తింది.

మంచు అంచునే తికమకుడి చెయ్యి ఆమె కోసం చాపి ఉంది. పైడి వాడి చెవిలోకి ఎక్కి నూకాలు ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పింది. వాడు ముందు అర్థం కాక మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి విని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, ఆ కరువు ఏడు గుర్తొచ్చి ఏడ్చాడు. వాడి చెవుల్లోంచి కారే మంచు సన్నబడి ఆగిపోయింది. గోడంతా పలచబడి, అటు కొండలూ ఇటు సముద్రమూ ఒకేసారి కనిపించాయి. రాతిబొమ్మలకు ప్రాణం వచ్చింది. వచ్చీ రాగానే ఎక్కడ ఆపారో అక్కడినుంచే వాదన అందుకున్నారు. వాళ్ళను వినేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

గట్టు మీద గునపాలు పట్టుకున్న మనుషులు రాజు సైగ కోసం చూస్తున్నారు. తికమకుడు ఒక చేత్తో ఉదయసేనుడినీ, రెండో చేత్తో కుంభవర్మనూ ఎత్తి తెచ్చి బండ మీద ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. పైడి ఇద్దరికీ రెండు మాటలూ విప్పి చెప్పింది.

"గాదెలు నిండుకున్నాయంటే సంతోషించక ఏడుస్తామా?" అన్నాడు కుంభవర్మ.

"గాదె దగ్గర నిలబడి ఖాళీ అని ఎవడైనా అంటాడా?" అన్నాడు ఉదయసేనుడు.

అని ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళ కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో వాళ్ళకు తోచలేదు. తన సీమలో పిల్లలు పోయారని ఉదయసేనుడు గొణిగాడు. తన సీమలో నీళ్ళు లేక చేలన్నీ చౌడుబారి ఊళ్ళు వలసపోయాయని కుంభవర్మ అన్నాడు. గునపాలు ఇంకా గట్టు మీదే ఉన్నాయి.

"కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకూ తెలీదు ప్రభూ," అంది పైడి. "మా పక్కింటి పిల్ల ఎలాగూ తిరిగి రాదు. గట్టు మాత్రం తెగ్గొట్టించకండి. కింద మా అమ్మ ఉంది."

ఉదయసేనుడు తల వంచుకుని గునపాలు దించమని సైగ చేశాడు. మధ్యాహ్నానికి తూము తెరిచారు.

సంధి ఆ ఒక్కరోజులో కుదరలేదు. నీళ్ళు ఎంత, ధాన్యం ఎంత అని చలికాలమంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అయితే ఈసారి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరు ఏ మాట అన్నా కోపం తెచ్చుకునే ముందు ఎదుటివాడు "అంటే?" అని అడిగి తీరాలి. రెండు సీమల్లోనూ మసలిన కోడళ్ళు రాయబారుల పక్కనే కూర్చోవాలి. ఆ సభలకు పెద్దగా పైడిని కూర్చోబెట్టారు. ఇంకా పావడా కట్టే పిల్లేమిటి పెద్దేమిటి అని గొణిగిన మంత్రులను తికమకుడు తన పద్ధతిలో ఒకసారి చూశాడు. వాళ్ళు మళ్ళీ గొణగలేదు.

అదంతా తరవాతి సంగతి. తూము తెరిచిన ఆ రోజు సాయంత్రం నీళ్ళు కిందికి పోతుంటే, నీళ్ళకు ఎదురు పల్లపు జనం తండోపతండాలుగా పైకి వచ్చారు. మెరక జనం దిగి వచ్చారు. చెల్లెళ్ళను వెతికే అన్నలూ, అల్లుళ్ళను వెతికే అత్తలూ ఒకరినొకరు తోసుకుంటూ పేర్లు పెట్టి అరుస్తున్నారు. పైడి బండ దిగి ఆ గుంపులో పడింది. వచ్చే ప్రతి ఆడమనిషి మొహమూ చూసింది. ఎవరిని చూసినా అమ్మలాగే ఉంది, దగ్గరికి వెళితే కాదు. గుర్తుపట్టలేనేమో, ఇప్పటికే దాటిపోయిందేమో అని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది.

ఒకామె, ఒక పిల్లాడిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ, వంగి వంగి జనం కాళ్ళ మధ్య వెతుకుతూ పైడి పక్కనుంచే వెళ్ళిపోయింది. కొంతసేపటికి అటునుంచి మళ్ళీ అలాగే వెతుకుతూ వచ్చింది. ఏదో జారిపోయి ఉంటుంది పాపం అనుకుని పైడి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

అప్పుడే కొండ దిగి వచ్చిన జోగన్న ఆమెను చూసి నిలబడిపోయాడు. "సూరీ, ఏం వెతుకుతున్నావు?" అన్నాడు.

"పిల్ల," అంది సూరమ్మ తల ఎత్తకుండానే. "ఇంతే ఉంటుంది. ఈ జనంలో తొక్కేస్తారయ్యా దాన్ని." ఆమె తన మోకాలి పైన చెయ్యి పెట్టి ఎత్తు చూపించింది.

జోగన్న ఆ చెయ్యి పట్టుకుని మోకాలి దగ్గరినుంచి పైకి, ఇంకా పైకి ఎత్తి, పక్కన నిలబడ్డ పైడి చెంప మీద ఉంచాడు.